తప్పు పాళయంలో మొదటి పాఠం

చేరిన రోజే ఉద్యోగం పోగొట్టుకోబోయిన సైన్సు టీచరును మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే.

అన్నూరులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. అరటి తోటల మీద, మిల్లులోంచి తప్పించుకొచ్చిన దూదిలా మబ్బులు. వాటితోపాటు తేలుతూ నేను అప్పటికే హెడ్మిస్ట్రెస్‌నై, బడి మేడమీద టెలిస్కోపు పెట్టించి, కొత్త నక్షత్రానికి మా నాయనమ్మ పేరు పెడుతున్నాను.

"పాళయం ఎరంగు!" దిగమని కండక్టరు తమిళంలో అరిచాడు.

మా వైపు ప్రతి రెండో ఊరూ ఏదో ఒక పాళయమే. నక్షత్రాల మధ్య ఉన్నవాళ్ళకు అది గుర్తుంటుందా? దిగిపోయాను.

ఎదురుగా బడి. గుమ్మంలో నెరిసిన మీసాల హెడ్మాస్టరు. "కొత్త సైన్సు టీచర్ని సార్" అని తమిళంలో చెప్పి ఆర్డరు అందించాను. ఆయన కాగితం చూశారు, నన్ను చూశారు, మళ్ళీ కాగితం చూశారు. "అమ్మయ్య, వచ్చి పడ్డాను" అని నా నోట ఇంటి భాష జారింది.

"మనోళ్ళేనా తల్లీ? రామ్మా, ఏడో క్లాసు పిల్లోళ్ళు కాచుకోనుండారు."

పళ్ళెంలో నీళ్ళు, నీళ్ళలో అద్దం, అద్దం మీద ఎండ. గోడమీద ఇంద్రధనుస్సు విచ్చుకుంది. ఒక పిల్ల దానిలో చెయ్యి పెట్టి, రంగులంటిన అరచేతిని కదపకుండా అలాగే చూస్తూ నిలబడిపోయింది. నేనూ అంతే.

అప్పుడు ఫోను మోగింది. మా హెడ్మిస్ట్రెస్ తమిళం ఉరిమింది.

"ఎక్కడున్నావమ్మా? చేరడానికి ఈ రోజే ఆఖరు!"

"బళ్ళోనే మేడమ్, పాఠం చెబుతున్నాను."

"ఏ బళ్ళో? నా బళ్ళో నేనున్నానే!"

బయటికి పరిగెత్తి బోర్డు చదివాను. పాళయమే. నాది కాని పాళయం. ముందు హెడ్మాస్టరు, వెనక హెడ్మిస్ట్రెస్ అంటే ఇదే కాబోలు! నా ముఖం చూసి ఆయన మోపెడ్ తీశారు.

దారిలో ఏడుపు గొంతుతో అడిగాను. "ఆర్డరులో ఊరి పేరు కనబళ్ళేదా సార్?"

"కనబడె తల్లీ. పొద్దున్నే కనబడె."

"మరి చెప్పలేదే!"

"మా బళ్ళో సైన్సు టీచరు లేక రెండేండ్లాయె. ఒక్క పాఠమన్నా కానీలే అని నోరు మూసుకుంటిని."

సాయంత్రం లోపల సంతకం పడింది, చీవాట్లూ పడ్డాయి. గురుత్వాకర్షణ సాక్షిగా ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను: ఊరి పేరు పూర్తిగా వినకుండా ఈ జన్మలో బస్సు దిగను. ఇప్పుడు ప్రతి శనివారం ఆ తప్పు పాళయంలోనే దిగుతున్నాను, పేరు పూర్తిగా విని మరీ.