అవ్వ కడిగిన పలక

మొన్న మా కోడలు, ఒకటో తరగతి చదివే మనవరాలి హోంవర్కు తానే పూర్తి చేస్తూ, అక్షరాలు మరీ గుండ్రంగా ఉంటే టీచరుకు తెలిసిపోతుందని కావాలనే వంకరగా రాస్తుంటే చూశాను. నవ్వు రావలసిన చోట నాకు మా అక్క గుర్తొచ్చింది.

మన వయసువాళ్లకు చెప్పనక్కర లేదు, ఆ రోజుల్లో ఇంటిపని అంటే ఎక్కాలు బట్టీ పట్టి మరునాడు అప్పజెప్పడమే. పలక మీద రాత అంతా బడిలోనే. ఇంటికొచ్చిన పలక చెంబూ గిన్నెలతో సమానం, బొగ్గుపొడీ చిక్కుడాకూ వేసి నల్లగా మెరిసేదాకా రుద్దడం తల్లుల పొద్దుటి పనుల్లో ఒకటి. హుజూరాబాద్ దగ్గరి మా ఊరికి కొత్తగా వచ్చిన సారు మాత్రం, లెక్కలు ఇంటి దగ్గరే పలక నిండా చేసుకొని రావాలని నియమం పెట్టాడు. మాది మగ్గం ఇల్లు. బడి నుంచి రాగానే అక్క రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుట్టాలి. ఆ పనిలో పడి ఒకసారి రాయకుండా పోతే, సారు బజారులో మా నాన్నను ఆపి చెప్పాడు. కండెలు చుట్టే చేతికి చదువెందుకన్న అనుమానం బాపుకు ముందునుంచే ఉంది.

"ఇంకోపారి సారు నోట గీ మాట ఇన్ననంటే బడి బంద్," అన్నాడు అక్కతో.

ఆ సాయంత్రం అక్క పలకకు రెండు వైపులా కూడికలు చేసి, తప్పుల్లేవని మళ్లీ చూసుకొని గూట్లో పెట్టింది. తెల్లవారి, మేం అవ్వ అని పిలిచే మా అమ్మ, సారు ముందర బిడ్డ పలక అద్దంలా ఉండాలని, రోజూకన్నా శ్రద్ధగా రుద్ది కడిగి సంచిలో పెట్టింది. అవ్వకు అక్షరం రాదు; కొత్త నియమం సంగతి ఆమెకెవరూ చెప్పలేదు.

బడిలో పలక తీసిన అక్క ఏడుస్తూ ఇంటికి పరుగెత్తుకొచ్చింది. అవ్వ మసి చేతులు కొంగుకు తుడుచుకుంటూ బడికి పోయింది. బడి వయసు రాని నేను ఆమె వెంటే ఉన్నాను.

"నేనే కడిగిన సారూ. బిడ్డ రెండు దిక్కులా రాసింది. మాసిందనుకున్న."

సారు నవ్వాడు. "రాయని పిల్లల అవ్వలందరు గిట్లనే చెప్తరమ్మా."

"ఇప్పుడు చేయించుండ్రి, మీ ముందటనే చేస్తది."

సారు అప్పటికే ఇంకో పిల్ల పలక అందుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా మాట బాపు చెవిన పడింది. ఆయన అరవలేదు, కొట్టలేదు. అక్క సంచి కొయ్యకు తగిలించి, రాట్నం ముందు పీట వేశాడు. అవ్వ ఎంత మొత్తుకున్నా, "సారు అబద్ధమాడుతడా?" అన్నదొక్కటే ఆయన జవాబు.

ఇప్పటి బడులు తల్లుల్ని పిలిపించి, కుర్చీ వేసి, పిల్లల సంగతులు అడుగుతున్నాయి. మంచిదే. చదువురాని తల్లి మాటకు ఆనాడు బడి గడప దగ్గర విలువ లేకపోయింది. ఆ సారుకు ఆ పూట గుర్తుండి కూడా ఉండదు. అవ్వ మాత్రం బతికినన్నాళ్లూ మా ఇంట్లో ఏ పిల్లల పలకనూ ముట్టుకోలేదు. దారిలో కనబడితే పక్కకు జరపకుండా, చుట్టూ తిరిగిపోయేది.