ఓనరు మెడలో గొలుసు

యుద్ధం రోజుల్లో నేనెక్కిన మాచర్ల బస్సు, నరసరావుపేట ఇంకా కోసెడు దూరం ఉండగా ఆగిపోయింది. డ్రైవరు ఇంజన్ విప్పి, తెగిపోయిన టైమింగ్ గొలుసును రోడ్డు మీద పడేశాడు.

"దీన్ని తిప్పే చక్రాల పళ్లు అరిగిపొయ్యినయ్. గొలుసూ చక్రాలూ కలిపి మార్చమని మొత్తుకున్నాగా అయ్యా!"

ముందు సీట్లోంచి ఓనరు దిగాడు. "గొలుసు కొత్తదేగదరా! బండికి పూలదండేసి నిమ్మకాయలు గూడా తొక్కించాగా!"

నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే, జ్వరంతో కాలిపోతున్న మనవరాలిని ఆస్పత్రికి తీసుకెళ్తున్న ఒక ముసలామె పిల్లను నా చేతుల్లో పెట్టింది. నూనె కారుతున్న గొలుసు ఎత్తి ఓనరు మెడలో వేసింది.

"దండేస్తే చాలంటివిగా నాయనా. నీకూ ఏశా. ఇంక పిల్లనెత్తుకోని పేట దాకా నడువు."

బస్సులోని జనమంతా దిగి చుట్టూ నిలబడ్డారు. నేను పిల్లను అతని చేతుల్లో పెట్టాను. అతను పేట వైపు నడిచాడు. ముసలామె వెనకే వెళ్లింది.

పిల్ల ఏమైందో తెలియదు. ఇప్పటికీ నా రిపేరు షెడ్డుకొచ్చి ఎవరైనా గొలుసొక్కటే మార్చమంటే, "పిల్లనెత్తుకోని నడిచే ఓపికుందా నీకు?" అని అరుస్తాను. నాకు పిచ్చి అనుకుంటారు.