దున్నని గింజ

ఋషిపంచమినాడు మా మామ్మ నాగలి తగిలిన నేలలో పండింది ఏదీ తినేది కాదు. ఆ రోజు ఆవిడకు నివ్వరి అన్నమే. నివ్వరి అంటే ఎవరూ చల్లకుండా కొల్లేటి అంచు బురదలో తనంతట తాను మొలిచే అడవి వరి. కంకికి పొడవాటి ముళ్లుంటాయి. పండిందో లేదో గింజ నీళ్లలోకి రాలిపోతుంది. కొల్లేటికోట నుంచి ఒక పడవామె కంకుల కింద చేట పట్టి దులిపి, ఏటా చిన్న మూట తెచ్చేది.

ఒక కార్తీకంలో ఆమె మూట దించి, "ఇదే ఆఖరండి మామ్మగారూ. ఆ మేరంతా ఆకివీడు రైతుగారికి పట్టా అయిపోయిందండి. నీళ్లు తియ్యగానే దున్నేస్తారంట" అంది.

మామ్మ మూట ఒళ్లోకి తీసుకుంది. కాపురానికి వచ్చినప్పటినుంచి ఒక్క ఏడూ తప్పని వ్రతం అది.

ఆ వారమే ఏలూరు నుంచి ప్లీడరు మావయ్య వచ్చాడు. పెద్దవాళ్ల మధ్య నోరు విప్పని నేను తలుపు చాటునుంచే అడిగాను.

"మావయ్యా, దాన్ని పీకకూడదని చట్టమేమీ లేదా?"

"అడవిలో టేకు కొడితే కేసుంది గాని, కలుపు గడ్డికి ఎవరు రాస్తారే అమ్మాయ్?" అని నవ్వాడు. "ఒకటే దారి. మీ నాన్నను ఒక మడిలో చల్లమను. అప్పుడది పంట. ఎవడు తొక్కినా కోర్టుకీడుస్తాను."

నాకు ప్రాణం లేచివచ్చింది. అంతలోనే లోపలినుంచి మామ్మ అంది:

"దున్నినా, చల్లినా ఇక అది నివ్వరి ఎలా అవుతుంది బాబూ? మామూలు వడ్లే."

"అయితే మీ గింజకు దిక్కయ్యే కోర్టు ఏలూరులో లేదండి అత్తయ్యగారూ."

నాన్నగారు ఆ రైతు దగ్గరకు వెళ్లి ఒక మూలైనా వదలమని అడిగారు. ఆయన మర్యాదస్తుడు. కాఫీ ఇప్పించి, "వదిలితే గింజ రాలి నా చేనంతా పాడైపోతుందండి" అన్నారట. అదీ నిజమే. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

మాఘంలో బండిమీద ఆకివీడు వెళుతూ చూశాను. నివ్వరి దుబ్బులు వేళ్లు పైకి తిరగబడి ఎండుతున్నాయి. ఎద్దుల వెనక కొంగలు పురుగులేరుకుంటున్నాయి. బండి ఆపమనలేదు. ఆపి మాత్రం చేసేదేముంది?

ఋషిపంచమికి మామ్మ మూటలో ఉన్నదంతా ఒక్కసారే వండేసింది. సగమైనా దాచమన్నాను.

"దాచి ఏం చేస్తావే? చల్లుతావా?" అంది.

నేను ఆకు వేసి, మంచినీళ్లు పెట్టాను.