షాంఘై ప్రయాణానికి పంజగుట్టలో రిహార్సల్

అమీర్‌పేటలో కోర్సు చేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం తెచ్చుకున్న కొత్తలో, ఒక్కదాన్నే వెళ్లి బీజింగ్, షాంఘై చూసి రావాలని పట్టుపట్టాను. "పంజగుట్టలో ఒంటరిగా హోటల్‌కి వెళ్లలేవు, చైనాలో ఏం తింటావే?" అంది హాస్టల్లో నా రూమ్మేట్. నాకు రోషం వచ్చింది. ఆ ఆదివారమే పంజగుట్టలో ఓ చైనీస్ రెస్టారెంట్‌కి వెళ్లి, చాప్‌స్టిక్స్ అడిగి మరీ తెప్పించుకున్నాను.

గోబీ మంచూరియా ముక్కని ఆ రెండు పుల్లల మధ్య బిగించి ఎత్తానో లేదో, అది ఎగిరి పక్క టేబుల్ పెద్దాయన సూపులో పడింది. సూపు ఆయన తెల్లచొక్కా మీద చిందింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆయన తాపీగా ఆ ముక్కని చెంచాతో తీసి నోట్లో వేసుకుని, "మస్తుంది బిడ్డా, ఇంకోటి ఇసురు" అన్నాడు. ఆయన భార్య కుర్చీ లాగి, "ఒక్కదానివే ఏం తింటవ్, ఇటు రా" అంది. ప్లేటుతో సహా వెళ్లి వాళ్లతో కబుర్లాడుతూ చేత్తో తిన్నాను. ఒంటరిగా తినడం మాత్రం ప్రాక్టీసు కాలేదు.

అయినా టికెట్ కొన్నాను. షాంఘైలో మొదటిరోజే నా పుల్లల్లోంచి ఓ పుట్టగొడుగు జారి పక్క టేబుల్ కిందికి దొర్లింది. అక్కడ కూర్చున్న ముసలావిడ పకపకా నవ్వి, ఏదో అంటూ కుర్చీ లాగింది. ఒక్క మాటా అర్థం కాలేదు. కానీ ఏం చేయాలో పంజగుట్టలో నేర్చుకునే వచ్చాను కదా, ప్లేటు పట్టుకుని లేచాను.