రెండు రిజిస్టర్లలో దానయ్య

2014 జూలైలో నన్ను పాతపట్నం దగ్గరి ఒక గ్రామపంచాయతీ నుంచి, కళింగపట్నానికి కూతవేటు దూరంలో ఉన్న ఒక సముద్రపు ఒడ్డు పంచాయతీకి కార్యదర్శిగా బదిలీ చేశారు. ఊరి పేరు చెప్పను; ఈ కథలో మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు. అప్పటికి నా సర్వీసు ఇరవై ఏడేళ్ళు. పంచాయతీ కార్యదర్శి అంటే వీధిదీపాలు, కుళాయిలు, ఇంటిపన్నులు చూసుకునే ఉద్యోగి అని చాలామంది అనుకుంటారు. నిజమే గాని, ఆ ఊరి జనన మరణాల రిజిస్ట్రారు కూడా ఆయనే. ఊళ్ళోకి ఎవరు వచ్చారో, ఊళ్ళోంచి ఎవరు పోయారో ఆయన రాస్తేనే సర్కారుకు తెలుస్తుంది. ఆ పని మీద నాకు కొంచెం గర్వం ఎక్కువ.

ఆ గర్వమంతా మార్జిన్ గురించి. రిజిస్టరులో ఒకసారి రాసినదాన్ని కొట్టెయ్యకూడదు, దిద్దకూడదు. తప్పు దొర్లితే విచారణ చేసి, అసలు రాతను అలాగే ఉంచి, పక్కనున్న మార్జిన్‌లో సవరణ రాసి, సంతకం, తేదీ వెయ్యాలి. అంటే రాసినవాడి తప్పు రిజిస్టరు ఉన్నంతకాలం అందరికీ కనబడుతూనే ఉంటుంది. ఇరవై ఏడేళ్ళలో నా రిజిస్టర్ల మార్జిన్లు తెల్లగా ఉన్నాయి. విజయనగరంలో మా నాన్నగారు సంగీతం చెప్పేవారు. శ్రుతి తప్పితే పాఠం మళ్ళీ మొదటికి రావలసిందే. ఆ పట్టుదల నాకు పాటలో అబ్బలేదు, రాతలో అబ్బింది.

ఛార్జి అప్పగించేటప్పుడు నా ముందు పనిచేసిన కార్యదర్శి ఒక ఇంటి సంగతి చెప్పాడు. నూకమ్మ అనే ఆవిడ భర్త దానయ్య ఇరవై ఏళ్ళ కిందట సముద్రం మీద చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. రెండు రోజులకు తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది గాని మనిషి రాలేదు. శవం దొరకలేదు కాబట్టి మరణం నమోదు కాలేదు. దీనికి దారి లేకపోలేదు. ఏడేళ్ళు దాటినా ఆచూకీ లేని మనిషి చనిపోయినట్టు కోర్టు ప్రకటించవచ్చు, ఆ ఉత్తర్వు తెస్తే మేం నమోదు చేస్తాం. వితంతు పింఛనుకైనా ఆ కాగితమే ఆధారం. నూకమ్మ ససేమిరా అన్నదట. బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు, కర్మకాండ చెయ్యనివ్వలేదు. పింఛను సంగతి చెబుదామని వెళ్ళిన ఈ కార్యదర్శిని, "సచ్చిపోనాడని నువ్వు సూసినావేటి?" అని గుమ్మంలోంచే పంపేసిందట. ఆ ఇంటి జోలికి వెళ్ళకండి సార్ అని నాకు సలహా ఇచ్చాడు. నేనూ బుద్ధిగా వెళ్ళలేదు.

మరుసటి ఏడు వేసవిలో నూకమ్మే మా ఆఫీసుకు వచ్చింది. అరవై దగ్గర పడిన మనిషి. ఎండుచేపల గంప మోసి మోసి మెడ గట్టిపడింది, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు. కోడలు పార్వతి పురుడు పోసుకుంది, కొడుకు ఎల్లాజీ వేటకు వెళ్ళాడు, జనన నమోదుకు గడువు ఇరవయ్యొక్క రోజులే కనుక తానే వచ్చింది. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన చీటీ బల్లమీద పెట్టింది. బిడ్డ పేరేమిటని అడిగాను. చెప్పలేదు. మళ్ళీ అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా ఇంటాయన పేరే బాబూ," అని రేషన్ కార్డు నా ముందుకు తోసింది.

నాకు వెంటనే అర్థమైంది. ఆ తరం ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. మా అమ్మా అంతే, నాన్నగారి పేరు ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. కార్డు చూసి ఫారంలో దానయ్య అని రాశాను. తరవాత ఆస్పత్రి చీటీ చూస్తే అందులో 'ఆడ' అని ఉంది. ఈ రెండింటికీ పొంతన కుదరలేదు. తాత పేరు మనవడికే కదా పెడతారు, నర్సు హడావుడిలో తప్పు రాసి ఉంటుందని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఎదురుగా కూర్చున్న మనిషిని ఆడా మగా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. అన్నీ తెలిసినవాడికి అడగడం నామోషీ. లింగం అనే గడిలో 'పురుషుడు' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. నమోదు మొత్తం చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోవాలని నియమం. పేర్లు చదివాను, తేదీ చదివాను, ఆ గడి చదవలేదు. ఆవిడ వేలిముద్ర వేసి, ధ్రువపత్రం మడిచి బొడ్లో దోపుకొని వెళ్ళిపోయింది.

రెండు నెలలకు ఎల్లాజీ ఆ పత్రం పట్టుకొచ్చాడు.

"బాబూ, మా పాపని మగోణ్ని సేసీసినారు. టీకాలమ్మ సూసి నవ్వుతన్నాది."

నాకు నవ్వు రాలేదు. ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను. తప్పు ఒప్పుకున్నాను, గడి సవరించక తప్పదన్నాను. కాని అంతటితో ఊరుకోలేదు. ఎలాగూ మార్జిన్ పాడవుతోంది, పేరు కూడా మార్పించుకోండి అని సలహా ఇచ్చాను. నేను చేసిన పని రేపు బడిలో చేస్తారు, ఎల్లుండి ఇంకో ఆఫీసులో చేస్తారు, దానయ్య అనే పేరు చూసినవాడల్లా గడి దిద్దుతాడు, పిల్ల జన్మంతా నేను ఆడదాన్నే అని రుజువులు చూపించుకుంటూ తిరగాలి అన్నాను. అందులో అబద్ధం ఏమీ లేదు. నా తప్పులో సగం ఆ పేరు మీదకు నెట్టాలన్న కోరిక కూడా లేకపోలేదు.

"నానూ అదే అంటన్నాను బాబూ," అన్నాడు ఎల్లాజీ. "శ్రావణి అని పెడదామంటే మాయమ్మ ఇనదు. ఇస్కూల్లో పిల్లలు నవ్వరేటి? అది కాదు గానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే నాకు మాయయ్యని పిలిచినట్టు ఉంటాది." తండ్రి పోయేనాటికి అతనికి నాలుగేళ్ళు.

సవరణకు విచారణ ఉంటుంది. రిజిస్ట్రారు స్వయంగా వెళ్ళి బిడ్డను చూడాలి, ఇద్దరు సాక్షుల ఎదుట దరఖాస్తుదారు వాంగ్మూలం తీసుకోవాలి. మొదట నమోదు చేయించింది నూకమ్మే కాబట్టి వాంగ్మూలం ఆవిడే ఇవ్వాలి. ఒక ఉదయం వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో వలల మీద కవ్వళ్ళనే చిన్న చేపలు ఎండుతున్నాయి. నాకు కుర్చీ వేశారు. నూకమ్మ మనవరాలిని ఒళ్ళో పెట్టుకొని అరుగుమీద కూర్చుంది. పక్కన ఆవిడ పెద్దాడపడుచు గున్నమ్మ, అంటే దానయ్య అక్క. ఇరుగుపొరుగు నుంచి సాక్షులు ఇద్దరు.

ముందుగా పేరు మార్పు మాట ఎత్తాను. నూకమ్మ కోప్పడలేదు. వాళ్ళింటి ఆచారం చెప్పింది. బిడ్డ పుట్టిన పదకొండో రోజు ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోస్తారు. ఇంటి ఆడపడుచు వంశంలో పోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ, ఒక్కో పేరుకు ఒక్కో వడ్లగింజ నీళ్ళలో వదులుతుంది. ఎవరి గింజ తేలితే వాళ్ళు తిరిగి ఇంటికి వచ్చినట్టు, ఆ పేరే బిడ్డకు పెట్టాలి. ఆడపిల్ల కదా అని గున్నమ్మ ముందు ఆడవాళ్ళ పేర్లన్నీ చెప్పిందట. ఏడు గింజలూ మునిగిపోయాయి. ఎనిమిదో గింజ చేతిలో పట్టుకొని గున్నమ్మ ఏడ్చిందట. ఆ పేరు చెప్పాలంటే తమ్ముడు పోయినట్టు ఒప్పుకోవాలి, ఇరవై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఎవరూ ఆ పని చెయ్యలేదు. నూకమ్మే, "అడుగు వొదినా," అన్నదట. గింజ తేలింది.

పొల్లు గింజ అయితే తేలదా అని నా నోటిదాకా వచ్చింది. దాన్ని మింగి, నేను చూస్తుండగా ఇంకొకసారి వేస్తారా అని అడిగాను.

"ఒచ్చినోణ్ని మళ్ళీ నువ్వేనా అని అడుగుతారేటి బాబూ?" అంది నూకమ్మ.

పని ముగించుకుపోదామని వాంగ్మూలం కాగితం తీసి, అలవాటు ప్రకారం మొదటి ప్రశ్న అడిగాను: బిడ్డ పేరేమిటి? గున్నమ్మ అందుకొని చెప్పబోయింది. నేను చెయ్యెత్తి ఆపాను. వాంగ్మూలం ఎవరిదో వారి నోటితోనే రావాలి, మరొకరు చెప్పింది చెల్లదు అన్నాను.

అన్నాక తెలిసింది నేనేమి అడిగానో. అరుగుమీద అందరూ తలలు దించుకున్నారు. ఎల్లాజీ నా వంక చూసిన చూపులో కోపం ఉంది. అప్పటిదాకా ఆ బిడ్డను ఇంటిల్లిపాదీ ఆ పేరుతోనే పిలుస్తున్నారు, ఒక్క నూకమ్మ తప్ప. ఆవిడకు అది 'అమ్మి'. మొగుడు ఉన్నప్పుడు పలకని పేరు, లేని ఇరవై ఏళ్ళలోనూ పలకని పేరు. ఆ పేరు పలక్కుండా ఉండటమే ఆయన బతికున్నాడని ఆవిడ లోకానికి చెప్పే పద్ధతి. పోనీ కార్డు చూసి రాసుకుంటానందామని కాగితం దించబోయాను.

నూకమ్మ బిడ్డను లేపి తన మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"దానయ్య," అంది. ఆ తరవాత నాకు కాదు, బిడ్డకు చెప్పింది, "దానయ్యా."

పిల్ల బోసినోటితో నవ్వింది. గున్నమ్మ కొంగు మొహానికి కప్పుకొని ఏడ్చింది. గింజ ఎందుకు తేలిందో నాకు తెలియదు, దాన్ని నేను చూడనూ లేదు. కాని ఆ మాట ఆ నోట్లోంచి రావడం విన్నాను. ఎందరో అధికారుల ముందు నిలబడ్డాను గాని, ఎవరి ముందూ నా కాగితం అంత చిన్నదిగా కనబడలేదు. ఎల్లాజీ లేచి వచ్చి, తండ్రి సంతకం చేయవలసిన చోట సంతకం చేశాడు. శ్రావణి అన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను లేచి బయలుదేరుతుంటే నూకమ్మ ఆపింది.

"బాబూ, ఆ సావు కాయితం ఉన్నాది కదా, అదీ రాసీయండి."

ఎందుకని అడిగాను. ఈసారి అడగడం మరిచిపోలేదు.

"మడిసి రెండు సోట్ల ఉండకూడదు కదేటి. ఇక్కడికి ఒచ్చీసినాడు. అక్కడ తీసీయాల."

ఒక ఊరి ఓటర్ల జాబితాలో పేరు తీసేస్తే గాని ఇంకో ఊరి జాబితాలో ఎక్కించకూడదని మాకు శిక్షణలో చెప్పిన సూత్రమే అది. బడి మొహం చూడని ఆ మనిషి దాన్ని నాకంటే బాగా అర్థం చేసుకుంది.

కోర్టు ఉత్తర్వు, దాని మీద ఆలస్యపు నమోదుకు ఆర్డీవోగారి అనుమతి రావడానికి ఏడాది దాటింది. అర్జీలు నేనే రాసిపెట్టాను. 2016 చివర్లో ఒక రోజు నూకమ్మ మనవరాలిని నడిపించుకుంటూ ఆఫీసుకు వచ్చింది. నుదుట బొట్టు అలాగే ఉంది. నేను దానివైపు చూడటం గమనించి, "మడిసి ఇంట్లో తిరుగుతుంటే బొట్టెందుకు తీస్తాను?" అంది. మరణాల రిజిస్టరు తెరిచి, మృతుడి పేరు అడిగాను. కొంగు అడ్డం పెట్టుకోకుండా, స్పష్టంగా, దానయ్య అని చెప్పింది. నా బల్లకింద స్టాంపు ప్యాడ్‌తో ఆడుకుంటున్న పిల్ల, తననే పిలిచారనుకొని, "ఊఁ" అంది.

నా కలం ఆగింది. ఆ పిల్ల తల బయటికి పెట్టి మా ఇద్దరివైపూ చూసి, మళ్ళీ ఆటలో పడింది. నేను పేరు రాశాను. లింగం గడి దగ్గర ఆగి, ఆ ఒక్క ప్రశ్నా అడిగి మరీ, పురుషుడు అని రాశాను. నమోదు మొత్తం మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నాను.

మరుసటి ఏడు పదవీ విరమణ చేశాను. ఫారంలో రెండు గడులు పొసగనప్పుడు గడిని దిద్దకూడదు, ఎదుటి మనిషిని అడగాలి. ఇంత చిన్న సంగతి నేర్చుకోవడానికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. ఛార్జి అప్పగించేటప్పుడు కొత్త కార్యదర్శికి జననాల రిజిస్టరులో ఆ పేజీ తెరిచి, మార్జిన్‌లో నా సంతకం చూపించాను. పేరు చూసి దిద్దబోతావేమో, పేరు సరైనదే, తప్పు నాది అని చెప్పాను.