జంపక్క దూదిపింజ

ములకలపల్లి దారిలో అడవి మొదలయ్యే చోట ఒక చిన్న దవాఖానా ఉండేది. పది మంచాలు, ఒక ఆపరేషన్ గది, ఒకే ఒక్క డాక్టరు. మత్తు ఇవ్వడానికి వేరే డాక్టరు ఉండాలని పుస్తకాల్లో రాసే ఉంటుంది గానీ, ఆ అడవి అంచుకు ఎవరొస్తారండీ! డాక్టరు వెంకటరామారావు గారే సూది వేసి, ఆయనే కత్తి పట్టేవారు. మరి కోస్తున్నంతసేపూ మనిషి ఊపిరి చూసేదెవరు? ఆయా జంపక్క!

నవ్వకండి. అక్షరం ముక్క రాని కోయ మనిషి, ఊడ్చే పనికి కుదిరిన మనిషి తలాపున పీట వేసుకుని కూర్చుంటే డాక్టరు గారు నిశ్చింతగా పని చేసుకునేవారు. ఆమె పనిముట్టల్లా చిటికెడు దూది. దాన్ని పలచగా విప్పి పేషెంటు ముక్కు కింద అంటించేది. పింజ ఊగుతుంటే ఊపిరి ఆడుతున్నట్టు. ఊగకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. డెబ్బై నాలుగులో ఆమె మొగుడు బొజ్జయ్య ఎక్కడో దూరపు దవాఖానాలో గడ్డ కోయించుకోవడానికి బల్లెక్కాడు, మళ్లీ కళ్లు తెరవలేదు. నెల తిరక్కుండానే ఆమె ఇక్కడికొచ్చి, "నాకు గా మత్తు గదిలనే పని గావాలె" అని గుమ్మం ముందు భీష్మించుక్కూర్చుంది. ఎందుకని అడిగితే మాత్రం నోరు విప్పలేదు.

ఎనిమిదేళ్లలో మందుల గుణాలన్నీ ఒంటబట్టాయి. పెంటోథాల్ పసుప్పచ్చ పొడి. నీళ్లలో కలిపి నరానికెక్కిస్తే, "వెల్లుల్లి వాసనొస్తాంది" అంటూనే మనిషి మాట మధ్యలో పడిపోతాడు. ఐదారు నిమిషాలకే కదులుతాడు. "మందు అరిగిపోయి కాదు జంపక్కా, మెదడులోంచి కండల్లోకి, కొవ్వులోకి జారిపోతుంది, అంతే" అని డాక్టరు గారు చెప్పిన రోజు ఆమె కళ్లింతలు చేసుకుంది.

"అయితే మల్లా మల్లా పోస్తే లోపల నిండుతది గద సారూ! ఇగ లేస్తడా?"

అబ్బో, ఆయన మొహం చూడాలి! పట్నంలో చదివే పిల్లలకు ఆ ముక్క ఎక్కించడానికి తలప్రాణం తోకకొస్తుందట.

కెటమిన్ తీరు వేరు. కళ్లు తెరుచుకునే ఉంటాయి, ఊపిరి చక్కగా ఆడుతుంది, నొప్పి మాత్రం తెలియదు. కాకపోతే లేచేటప్పుడు పిచ్చి కలలు. ఆ కలలు తగ్గడానికి ముందు కాస్త డయాజిపామ్ వేసేవారు. దాన్ని మెల్లగా ఎక్కించాలి, తొందరపడితే ఊపిరి మందగిస్తుంది. ఇదంతా జంపక్కకు కంఠోపాఠం.

ఇక ఎనభై రెండు ఏప్రిల్ సంగతి వినండి. ఇప్పపూలు రాలే కాలం. తెల్లారగానే పూలు ఏరబోయిన భద్రయ్యను, ఆ పూల కోసమే వచ్చిన ఎలుగుబంటి పట్టుకుంది. తల మీద తోలు ఊడి వేలాడుతోంది, ముంజేయి చీలికలైంది. మంచం మీద మోసుకుని పది గంటలకల్లా తెచ్చారు. వెంట పెళ్లాం ముత్తక్క, వగరుస్తూ, ఏడుస్తూ.

"పొద్దున్నుంచి ఏమన్నా తిన్నాడా? తాగాడా?" డాక్టరు గారు అడిగారు.

"ఏం లే సారూ. గంజి గూడ తాగలే."

జంపక్క వంగి వాసన చూసింది. ఇప్ప వాసన గుప్పుమంది. అనదూ మరి! మనిషి పూల గంప మీదే పడ్డాడు, చొక్కా నిండా, జుట్టు నిండా నలిగిన పూలే. పూల వాసనే అనుకుంది. డాక్టరు గారూ అదే అనుకున్నారు.

బల్ల మీద పడుకోబెట్టారు. జంపక్క దూదిపింజ అంటించింది. డాక్టరు గారు నరంలోకి డయాజిపామ్ మెల్లగా తోస్తున్నారు. ఆయన చూపు చేతి మీద, ఆమె చూపు మొహం మీద. అంతవరకూ "అమ్మో, అయ్యో" అంటున్న భద్రయ్య మూలుగు టక్కున ఆగిపోయింది. కళ్లు మూతపడ్డాయి. గుర్రు మొదలైంది.

"ఆపు సారూ!"

ఆ కేకకు గది అదిరింది. డాక్టరు గారి చెయ్యి ఉన్నచోటే ఆగింది. "ఇంకా సగం కూడా పోలేదు జంపక్కా!"

"సగానికే పడిండంటే లోపల ఇంకోటి ఉన్నది! గిది పూల వాసన గాదు సారూ, ఇప్పసారా!"

అనేలోపే గుర్రు కూడా ఆగిపోయింది. పింజ ఊగడం లేదు.

సారా, డయాజిపామ్, రెండూ మెదడును నిద్రపుచ్చేవే. రెండూ కలిస్తే ఊపిరి తీయాలన్న సంగతే ఒళ్లు మరిచిపోతుంది. విరుగుడు సూదా? ఆ రోజుల్లో ఎక్కడిది! జంపక్క రెండు చేతులతో దవడ పైకెత్తి మాస్కు అదిమి పట్టింది. డాక్టరు గారు గాలి సంచి నొక్కుతున్నారు. ఛాతీ లేస్తోంది, దిగుతోంది, సొంతంగా మాత్రం కదలదు. "పీల్చు తమ్మీ, పీల్చు!" అని ఆమె కోయలో అరుస్తూనే ఉంది. ఇంతలో భద్రయ్య గొంతు గుటుక్కుమంది. "పక్కకు తిప్పు సారూ, కక్కుతడు!" తిప్పారో లేదో, భళ్లున కక్కాడు. గదంతా సారా కంపు. డాక్టరు గారు కాలితో పీల్చే పంపు తొక్కుతూ గొంతు శుభ్రం చేశారు, మళ్లీ సంచి అందుకున్నారు.

ఎంతసేపో తెలియదు. జంపక్క కొత్త పింజ అంటించి కళ్లార్పకుండా చూసింది. పింజ ఒక్కసారి వణికింది. ఆగింది. మళ్లీ ఊగింది!

"ఆడుతాంది! సారూ, ఆడుతాంది!"

డాక్టరు గారు గోడకు చేరగిలబడి నవ్వారో ఏడ్చారో, రెండూ అనుకోండి. ఇక మత్తు ఊసే ఎత్తలేదు. గాయం చుట్టూ తిమ్మిరి సూదులు వేసి రెండు గంటలు కుట్టారు. చివరి కుట్లకు భద్రయ్య తేరుకుని, ఎలుగుబంటిని దాని అమ్మమ్మతో సహా తిట్టాడు. అంత తియ్యని తిట్లు జంపక్క జన్మలో వినలేదు.

బయట ముత్తక్క జంపక్కకు ఎదురొచ్చింది. "రెండు దొప్పల సారా పోసినక్కా. కోసేటప్పుడు ధైర్యం గావాలె గద, మనోళ్లందరు పోస్తరు గద. చెప్తే సారు ఎల్లగొడ్తడని చెప్పలే."

జంపక్క చెయ్యెత్తింది. కొడుతుందని ముత్తక్క కళ్లు మూసుకుంది. ఆ చెయ్యి వచ్చి ఆమె నెత్తి మీద నిలిచింది.

"నేను మూడు దొప్పలు పోసిన, మా బొజ్జయ్యకు. గీ చేత్తోనే. డాక్టరు అడిగితే తాగలేదనే చెప్పిన."

ఎనిమిదేళ్లుగా ఎవరికీ చెప్పని మాట అది. చెప్పి, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చిన డాక్టరు గారు విని, లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు చెయ్యి విరిగిన ముసలాయనను తెచ్చారు. డాక్టరు గారు తాగాడా అన్న ప్రశ్న తాను అడగలేదు. ఒకడుగు వెనక్కి వేసి, "నువ్వడుగు జంపక్కా" అన్నారు.

జంపక్క ముసలాయన పెళ్లాం ముందు గొంతుక్కూర్చుని, కోయలో తన మొగుడి సంగతి మొదలుపెట్టింది. పోసింది తానే అంది, దాచింది తానే అంది. ఆ తర్వాత మెల్లగా అడిగింది, "ఇగ నువ్వు చెప్పు పెద్దమ్మా, ఎన్ని దొప్పలు?"

ముసలామె మొగుడి వైపు ఒకసారి చూసింది. తర్వాత కొంగు చాటునుంచి రెండు వేళ్లు చూపించింది. డాక్టరు గారు చేతిలోని సూదిని ట్రేలో పెట్టేశారు.