ఒకే చీరతో కట్టిన రెండు మూటలు

మెంతులంటే నాకు పగ. చిన్నాచితకా పగ కాదు, పాములు కూడా నా దగ్గరికొచ్చి నేర్చుకుపోయేంత పగ. నాందేడ్ డాక్టరు నా షుగరు రిపోర్టు చూసి ఒక మాత్ర రాసిన రోజే మా ఆవిడ వంటింట్లో యుద్ధం ప్రకటించింది. తెల్లారగానే గ్లాసెడు మెంతుల నీళ్లు. పదింటికి గుప్పెడు వాము. రాత్రి పాలలో గోదావరి మొత్తాన్ని పచ్చబరచగలిగినంత పసుపు. మా గల్లీ కుక్కలు నా చొక్కా వాసన చూసి తుమ్మి పక్కకు తప్పుకునేవి.

ఈ యుద్ధంలో నాకు మిగిలిన ఒకే ఒక్క కోట మా ఇంటి కాళా మసాలా. ఎండాకాలం రాగానే మిరపకాయలు, ధనియాలు, ఎండుకొబ్బరి, రాతిపువ్వు వేయించి, ఏడాదికి సరిపడా కాండప్‌లో దంచించుకోవడం ఇక్కడి ఆనవాయితీ. ఇనుప రోకళ్లు దడదడలాడే మరను, అంటే గిర్నీనే కాండప్ అంటారు. ఆ మసాలా పడిన వంకాయ కూర కోసమే నేను ఇంకా బతికి ఉన్నాను.

పోయిన ఏడాది మా ఆవిడ పాత చీర చింపి రెండు మూటలు కట్టింది. ఒకదానిలో మసాలా. రెండో దానిలో నా ఒంటికోసం రెండు కిలోల మెంతులు, వాము, నల్ల జీలకర్ర. మసాలా ముందు, మందు వెనుక దంచించమని, రోలు దగ్గరి నుంచి అడుగు కదలొద్దని హుకుం జారీ చేసింది. ఇక్కడి ఆడవాళ్లు తమ మసాలాకు కాపలా నిలబడితే సరిహద్దు సిపాయిలు సిగ్గుపడాలి.

నేను మందు మూటను గిర్నీ బల్ల మీద మరిచిపోవాలని ముందే నిర్ణయించుకున్నాను. మసాలా మూటను దాని పక్కనే పెట్టి, ఎదురు హోటల్లో చక్కెర చాయ్‌కి పోయాను. నిషేధం ఉన్న చాయ్ ఒక కప్పుతో ఆగుతుందా, రెండు తాగాను. తిరిగొచ్చేసరికి గిర్నీ ఆయన ఉపకారం చేసి ఉన్నాడు. చీర ఒకటే కదా అని రెండు మూటలూ ఒకే రోట్లో పోసేశాడు.

"కాకా, మస్తు బారీక్ దంచిన, మెత్తగ పిండి లెక్క," అన్నాడు గర్వంగా.

ఇంట్లో మా ఆవిడ చిటికెడు నాలుక మీద వేసుకుంది. నేను గిర్నీ ఆయన వంశవృక్షాన్ని వేళ్లతో సహా తిట్టిపోశాను. ఆమె వినలేదు, నా చొక్కా మీది మరకను చూస్తోంది.

"చాయ్‌కి పోయినవ్."

"ఒక్క నిమిషమే..."

"మంచిగైంది. ఇగ పొద్దుగాల మెంతుల నీళ్లు తాగుడు బంద్. ఏడాదంత కూరల్నే తింటవ్."

తిన్నాను. వంకాయ చేదు, పప్పు చేదు, ఆఖరికి నా కలలు కూడా చేదు. భోకర్ నుంచి వచ్చిన మా బావమరిది ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, బస్సుకు టైమైందని చెయ్యి కూడా సరిగా కడుక్కోకుండా పరుగెత్తాడు. ఆమె కూడా అదే కూర తింటోంది కదా అన్నదొక్కటే నా పగకు తృప్తి. డాక్టరు నా త్యాగగాథ మొత్తం విని, మాత్ర ఆపొద్దనీ నడక పెంచమనీ చెప్పి తరువాతి వాళ్లను పిలిచాడు.

మొత్తానికి జాడీ అడుగంటింది. మొన్న మా ఆవిడ ఒకే మూట కట్టడం చూసి, కోట మళ్లీ నాదైందని లోలోపల జెండా ఎగరేశాను. ఎందుకైనా మంచిదని విప్పి చూశాను. మిరపకాయల నడుమ మెంతులు నవ్వుతున్నాయి.

"గిదేంది?"

"నా మోకాళ్లు జర నయమైనయ్. నీ నోరు గూడ తగ్గింది."

మూట చంకన పెట్టుకుని తానే కాండప్‌కు బయలుదేరింది. నేను చెప్పులు వేసుకోబోతే గడపలో ఆగి వెనక్కి చూసింది.

"నువ్వు రాకు. నీకు చాయ్ దూప అయితది."